పాలు తెల్లబడేదాకా

సైకిలు మీద వస్తున్న మనిషిని ఎదిల్మా మలుపు దగ్గరే చూసింది. వెనక అరటికాయల బుట్ట కట్టుకుని, వీధి దీపం వెలుగులో, తన దారిన తాను వస్తున్నాడు. పక్కన స్టీరింగు పట్టుకున్న ఆమె భర్త ఎలీసెర్ మాత్రం చూడలేదు. ఆమె "ఎలీ!" అని కేక పెట్టాక బ్రేకు తొక్కాడు. బంపరుకు జానెడు దూరంలో సైకిలు ఆగింది. ఆ మనిషి ఎలీసెర్ తల్లిని, తల్లికి తల్లిని కూడా తలుచుకుని వెళ్లిపోయాడు.

ఎలీసెర్ కారును రోడ్డు పక్కకు తీసి ఆపాడు.

"ఆ హెడ్‌లైట్లు చూశావా," అన్నాడు. "కోడిగుడ్డు సొనలు రెండు అంటించినట్టున్నాయి. వాటి వెలుగులో ఏనుగొచ్చినా కనపడదు."

ఎదిల్మా సరేనన్నట్టు తల ఊపింది.

హెడ్‌లైట్లు పాడైన మాట నిజమే. కారు కొని పదిహేడేళ్లయింది. లోరికా ఊరి ఎండకు మనుషుల చర్మమే నిలవదు, ప్లాస్టిక్కు ఏం నిలుస్తుంది? పైన పసుపు పొర కమ్మి, చారలు కట్టి, శుక్లాలొచ్చిన ముసలి కుక్క కళ్లలా అయ్యాయి. కానీ ఆ కారు ఎవరిదీ? ఎలీసెర్‌ది. నలభై ఏళ్లు ఆ ఊళ్లో కార్ల పెయింటింగ్ షెడ్డు నడిపినవాడిది. ఊళ్లో సగం కార్ల హెడ్‌లైట్లు అతని చేతుల్లో కళ్లు తెరిచినవే. "అందరివీ బాగుచేశావు, నీవేంటి ఇలా వదిలేశావు?" అని ఎవరైనా అడిగితే "చూద్దాంలే, తొందరేముంది" అనేవాడు.

ఎందుకు వదిలేశాడో ఎదిల్మాకు తెలుసు. హెడ్‌లైట్లు పసుపుగా ఉన్నంతకాలం తప్పు హెడ్‌లైట్లది.

రెండు నెలల కిందట ఆమె బలవంతంగా అతన్ని మొంతెరియా పట్నానికి తీసుకెళ్లి కళ్ల డాక్టరుకు చూపించింది. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి, ఆపరేషన్ చెయ్యాలి అని డాక్టరు కాగితం రాసిచ్చాడు. ఆ కాగితం జూలై నెలాఖరు దాకే చెల్లుతుంది. బయటికొచ్చాక ఎలీసెర్ అన్న మాట ఒక్కటే: "ఆయన కళ్లద్దాలు చూశావా, సీసా అడుగులంత మందం. ఆయనే సరిగ్గా చూడలేడు, నాకేం చూస్తాడు?" ఆ కాగితాన్ని హాల్లో కార్మెన్ మాత పటం వెనక దోపాడు. అక్కడ పెట్టినదాన్ని ఆ ఇంట్లో ఎవరూ ముట్టుకోరు.

జూలై పదహారున కార్మెన్ మాత పండుగ. డ్రైవర్లందరికీ ఆ తల్లే దిక్కు. ఆ రోజు సాయంత్రం ఊళ్లో ఉన్న బండ్లన్నీ బుడగలు కట్టుకుని, హారన్లు మోగించుకుంటూ ఊరేగుతాయి. చర్చి ముందు పాదిరి గారు ప్రతి బండి మీదా పవిత్ర జలం చల్లుతారు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఎలీసెర్ ఆ ఊరేగింపులో వీధి పిల్లల్ని కారు నిండా ఎక్కించుకుని వెళుతున్నాడు. ఈ ఏడాది ఎనిమిది మంది పేర్లు ఇచ్చారు. వాళ్లలో ముగ్గురు పక్కింటి తూలియా మనవలు. కిటికీల్లోంచి సగం బయటికి వేలాడే పిల్లలు, సందె చీకటి, రోడ్డు నిండా మనుషులు, మోటారు సైకిళ్లు. ఎదిల్మా కళ్ల ముందు నుంచి ఆ అరటికాయల సైకిలు పోవడం లేదు.

"ఈసారికి వేరేవాళ్లను నడపమందాం," అని ఒకసారి అని చూసింది.

"ఎందుకు, నేను చచ్చానా?" అన్నాడు ఎలీసెర్.

అంతే. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. బదులుగా ఆమె వేరే నిర్ణయానికి వచ్చింది. ఆ హెడ్‌లైట్లు తనే తుడిచి శుభ్రం చేస్తుంది. గాజులా మెరిసేలా చేస్తుంది. అప్పుడు చెప్పుకోవడానికి అతనికి ఏ సాకూ మిగలదు. చూద్దాం, అప్పుడేమంటాడో.

తూలియా ఎదిల్మా కూతురికి జ్ఞానస్నానపు తల్లి. అప్పటినుంచి ఇద్దరూ ఒకరినొకరు 'కొమాద్రే' అని పిలుచుకుంటారు, ఎలీసెర్‌ను తూలియా 'కొంపాద్రే' అంటుంది. తోబుట్టువుల కన్నా దగ్గరి వరస అది. పదమూడో తేదీ పొద్దున ఎదిల్మా బకెట్టు, గుడ్డ పట్టుకుని కారు ముందు నిలబడటం చూసి తూలియా గోడ మీదుగా తల పెట్టింది.

"సబ్బుతో పోదు కొమాద్రే అది. దోమల మందు రాయి."

"దోమల మందా?"

"మా చెల్లెలి కొడుకు రాశాడు. పెళ్లికూతురి పళ్లలా మెరిసిపోయాయి. దోమలే పారిపోతున్నాయి, పసుపు పారిపోదా?"

"ఎలీని అడిగితే..."

"అడుగు, అడుగు. పెయింటర్ని అడిగితే పది రోజుల పని చెప్తాడు. వంటమనిషిని అడిగితే విందు భోజనం చెప్తుంది. అడగొద్దు, రాసెయ్."

డెంగ్యూ కాలం కాబట్టి ఇంటింటా ఒంటికి రాసుకునే దోమల మందు సీసాలున్నాయి. తూలియా తన సీసాయే అందించింది. ఎదిల్మా గుడ్డ మీద పోసి రుద్దింది. నిజంగానే మాయ జరిగింది. గుడ్డకు పసుపు అంటుకుంది, ప్లాస్టిక్కు లోపలి బల్బు కనిపించింది. ఐదు నిమిషాల్లో రెండు లైట్లూ నీటి బొట్లలా మెరిశాయి. తూలియా గోడవతల చప్పట్లు కొట్టింది. "చూశావా? నలభై ఏళ్ల షెడ్డుకన్నా నాలుగు రూకల సీసా మేలు."

ఎదిల్మాకు సంతోషమూ అయింది, ఎక్కడో ముల్లూ గుచ్చుకుంది. ఇంత తేలికా? ఆమె మధ్యాహ్నం కర్రపెండలం దుంపలు ఉడికిస్తూ, చేపలు వేయిస్తూ, ఆ మాట అతనికి ఎలా చెప్పాలా అని ఆలోచించింది. 'నీ హెడ్‌లైట్లు బాగయ్యాయి ముసలోడా, ఇక రా, రాత్రి ఓ చుట్టు తిప్పు చూద్దాం' అనాలా? ఏమీ అనకుండా అతనే చూసుకునేదాకా ఆగాలా? చివరికి ఏమీ అనలేదు. అతను తిని పడుకున్నాడు. సాయంత్రం కారు జోలికి వెళ్లలేదు.

మర్నాడు పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని వాకిట్లోకి వెళ్లిన ఎలీసెర్ ముక్కు ఎగబీల్చాడు.

"ఏంటీ కంపు? కారుకు దోమలు కుట్టాయా?"

ఎదిల్మా వెనకాలే వెళ్లి చూసింది. నిన్నటి మెరుపు పోయింది. నిన్న ఎండంతా తాగిన ప్లాస్టిక్కు బంకగా మారి, వీధి దుమ్మంతా దానికి అంటుకుంది. దుమ్ము కింద ఎండిన చెరువు అడుగులా సన్నసన్న పగుళ్లు. మొదటికన్నా పదింతలు అధ్వాన్నం.

ఎలీసెర్ కళ్లతో చూడలేదు. వంగి, బొటనవేలు పెట్టి రాశాడు. వేలు అంటుకుని 'చప్' మని ఊడి వచ్చింది.

"ఎవరు చెప్పారు నీకిది?"

"ఎవరు చెప్తే ఏం, నేనే..."

"తూలియానా? ఆ మహాతల్లిని రేపటినుంచి పళ్లు కూడా దాంతోనే తోముకోమను!" గోడవతల వినపడేలా అన్నాడు. గోడవతల ఎవరో గబగబా లోపలికి వెళ్లిన చెప్పుల చప్పుడు. "దోమల మందు ప్లాస్టిక్కును తింటుందే ముసలీ. పైన కరిగించి నున్నగా చేసి మోసం చేస్తుంది, లోపల కుళ్లబెడుతుంది. నా షెడ్డులో కుర్రాడు చేసుంటే చెంప పగలగొట్టేవాణ్ణి."

"అయితే పగలగొట్టు."

అతను ఆమె వైపు చూశాడు. తర్వాత కారు వైపు చూశాడు. ఎలీసెర్ కారు పండుగ రోజున ఊరందరి ముందు ఈ మొహంతో వెళ్లాలా? ఆ ఆలోచన అతని మెడ నరాల్లో కనిపించింది. పాడైన లైట్లను అతను ఏళ్ల తరబడి భరించాడు, చెడగొట్టిన పనిని మాత్రం ఒక్క పూట కూడా భరించలేడు. ఎదిల్మాకు ఆ సంగతి తెలుసు. కానీ ఆమె కావాలని చేసిన పని కాదిది.

"పెట్టె తే," అన్నాడు.

రెండేళ్లుగా మంచం కింద ఉన్న రేకు పెట్టె. ఆమె దుమ్ము దులిపి తెచ్చింది. షెడ్డు మూసేసిన రోజు అతను దాన్ని అక్కడికి తోశాడు. నడుం నొప్పి, ఇక వంగలేను అని ఊరికి చెప్పాడు. ఆ షెడ్డులో చివరి పని నెరేయిదా టీచరమ్మ తెల్లకారు తలుపు. ఎవరో గుద్దితే సొట్ట తీసి రంగు వేశాడు. టీచరమ్మ వచ్చి చూసి, "ఇది తెలుపు కాదు మేస్త్రీ, వెన్న" అంది. ఎలీసెర్ ఒప్పుకోలేదు. మళ్లీ వెయ్యనన్నాడు. ఆమె కళ్లు పోయాయి, అద్దాలు మార్చుకోమను అని బజారంతా చెప్పాడు. ఆమె ఆ తలుపుతోనే తిరుగుతోంది. పిల్లలు 'వెన్నపూస కారు' అని పేరు పెట్టారు. ఆ నెలలోనే అతనికి నడుం నొప్పి వచ్చింది.

బాదం చెట్టు నీడలోకి కారు తోశారు. ఎండలో ఈ పని చెయ్యకూడదు. ఎలీసెర్ లైటు చుట్టూ టేపు అంటించాడు. రంగు ఎక్కడ ముగుస్తుందో, ప్లాస్టిక్కు ఎక్కడ మొదలవుతుందో చూపుడు వేలితో తడుముకుంటూ, బొటనవేలితో నొక్కుకుంటూ వెళ్లాడు. గీత గీసినట్టు కుదిరింది. బకెట్టులో నీళ్లు, ఒక చుక్క సబ్బు. ఎనిమిది వందల నంబరు వాటర్ పేపర్ని, అంటే తడిపి రుద్దే గరుకు కాగితాన్ని, నానబెట్టి, చిన్న చెక్కముక్కకు చుట్టి, అడ్డంగా రుద్దడం మొదలుపెట్టాడు.

గరగరమని చప్పుడు. కాసేపటికి లైటు మీద నుంచి చిక్కటి పసుపు నీళ్లు బంపరు మీదికి కారాయి. షెడ్డులో వాటిని 'పాలు' అనేవాళ్లు.

"చూశావా పాలు? ఇది చచ్చిన పొర," అన్నాడు ఎలీసెర్. పనిలో పడ్డాక అతని గొంతు మారింది, పదేళ్లు తగ్గింది. "పసుపుపచ్చ పాలు పోయి తెల్లపాలు రావాలి. అప్పటిదాకా చెయ్యి ఆపకూడదు. మధ్యలో ఆపినవాడి పని నెల తిరక్కుండా మళ్లీ పసుపెక్కుతుంది."

ఈ మాట ఎదిల్మా నలభై ఏళ్లుగా వంటింట్లోంచి వింది. ఎందరు కుర్రాళ్లకు చెప్పాడో. ఆమె నోట్లో కూడా తిరుగుతుంది అది, ప్రార్థనలా.

"నీళ్లు పొయ్యి."

పోసింది. అతను రుద్దాడు. ఆమె పోసింది. బకెట్టు మురికైతే మార్చి తెచ్చింది. కొత్త నీళ్లు పోసేసరికి లైటు మీద నుంచి కారుతున్నవి బియ్యం కడిగిన నీళ్లలా ఉన్నాయి. తెల్లగా. అయిపోయింది, ఇప్పుడు సన్న పేపరు తీస్తాడు అనుకుని, ఆమె పెట్టెలోంచి పదిహేను వందల నంబరు తీసి నీళ్లలో వేసింది.

అతను తియ్యలేదు. అదే పేపరుతో రుద్దుతూనే ఉన్నాడు.

"సన్నది నానబెట్టాను," అంది.

"ఆగు. ఇంకా పచ్చగానే ఉన్నాయి."

ఎదిల్మా చూసింది. కారుతున్న నీళ్లు చూసింది, అతని మొహం చూసింది. అతను నీళ్ల వైపే చూస్తున్నాడు, శ్రద్ధగా, కనుబొమలు ముడిచి. అబద్ధమాడటం లేదు. అతనికి అవి పచ్చగానే కనిపిస్తున్నాయి.

ఆమె అడగకుండానే చేతికందిన క్షణమది. ఇదిగో, చూడు, నేనేమన్నాను అనాలి. రెండు నెలలుగా గొంతులో సిద్ధంగా ఉన్న మాట. అతని మణికట్టు దగ్గర నరం ఎగిరెగిరి పడుతోంది. ఆ చెయ్యి ఇంకా ఎంతసేపు రుద్దుతుంది? ఇంకా రుద్దితే మంచి ప్లాస్టిక్కు కూడా పోతుంది. ఆమె నీళ్లు పోసింది. తెల్లటి నీళ్లు. మళ్లీ పోసింది.

ఎలీసెర్ చెయ్యి నెమ్మదించింది. చెక్కముక్క పక్కన పెట్టి, వేళ్ల చివరలతో లైటు మీద ఒక చివరినుంచి ఇంకో చివరికి రాశాడు. తర్వాత గోటితో. కళ్లు మూసుకుని మళ్లీ వేళ్లతో.

"చేతికి పొర తగలడం లేదే," అన్నాడు తనలో తాను. "నున్నగా ఉంది. ఎప్పుడో పోయినట్టుంది." కళ్లు తెరిచి బంపరు మీది నీళ్లు చూశాడు. "పాలేమో పచ్చగా ఉన్నాయి. ఇదేం మాయ?"

బాదం ఆకు ఒకటి బకెట్టులో పడింది. ఎదిల్మా దాన్ని తీసి పారేసింది.

"నలభై ఏళ్లలో వేళ్లు నాకెప్పుడూ అబద్ధం చెప్పలేదు ఎదీ."

"లేదు."

"ఏం రంగు ఇవి?"

"తెలుపు."

"ఎప్పటినుంచి?"

"బకెట్టు మార్చినప్పటినుంచి."

అతను కింద కూర్చున్నాడు, బంపరుకు వీపు ఆనించి. తడి చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. ఆ చేతుల మీది తెల్లటి తడి ఎండి పొడిగా రాలుతుంటే ఒకసారి దులుపుకున్నాడు. ఎదిల్మా పక్కనే కూలబడింది. వీధిలో చేపలమ్మే మనిషి అరుచుకుంటూ పోయాడు.

"టీచరమ్మ తలుపు..." అన్నాడు.

ఎదిల్మా ఆ ప్రశ్న పూర్తికాకుండానే అర్థం చేసుకుంది. కాదనవచ్చు. కొంచెం తేడా, అంతే అనవచ్చు.

"వెన్నలా ఉంది ఎలీ. అచ్చం వెన్నలా."

"నువ్వప్పుడే చూశావు."

"చూశాను."

"చెప్పలేదే."

"నువ్వు అడగలేదు. టీచరమ్మ కళ్లు పోయాయన్నావు. నేను చెప్తే నా కళ్లు కూడా పోయాయనేవాడివి."

అతనికి నవ్వొచ్చింది, మధ్యలో దగ్గుగా మారింది. చాలాసేపు దగ్గాడు. తర్వాత లేచాడు, నడుం మీద చెయ్యి పెట్టకుండానే.

"ఇక్కడ కూర్చో. రెండో లైటుకు రంగు నువ్వు చెప్పు. రుద్దడం నా పని."

అలా చేశారు. "పచ్చ," అంది ఎదిల్మా. "పచ్చే. ఇంకా పచ్చే. కొంచెం తగ్గింది. ఆగు... ఇప్పుడు తెలుపు." అతను ఆ మాటకు చెయ్యి ఆపాడు, ఇంకో రుద్దు కూడా రుద్దలేదు. పదిహేను వందలు నిలువుగా, రెండు వేలు అడ్డంగా, మూడు వేలు మళ్లీ నిలువుగా. అప్పటికి లైట్లు రెండూ ఆవిరి పట్టిన అద్దంలా తెల్లగా మూసుకుపోయాయి. గోడ మీద మళ్లీ తల పెట్టిన తూలియా గుండెలు బాదుకుంది.

"అయ్యో కొంపాద్రే! ఉన్నవి కూడా పోగొట్టావా!"

"నోరు మూసుకుని చూడు. బాగుపడేముందు ఇలాగే ఉంటుంది."

పాలిష్ ముద్ద అద్ది మెత్తటి గుడ్డతో తిప్పుతూ రుద్దితే, గుడ్డ కింద ఒక్కో అంగుళమే లైట్లు కళ్లు తెరిచాయి. చివరగా రంగులేని క్లియర్ వార్నిషు కొట్టాలి, లేకపోతే ఎండకు నిలవదు. ఎలీసెర్ స్ప్రే డబ్బా ఎదిల్మా చేతిలో పెట్టాడు. "మూరెడు దూరం. చెయ్యి ఎక్కడా ఆపకు. ఆగితే కన్నీళ్లు కారుతాయి." ఒకచోట ఆమె చెయ్యి ఆగింది, చిన్న చార దిగింది. అతను దాన్ని వేలితో తడిమి కనుక్కోకూడదని ఆమె చాలా కోరుకుంది. ఆరాక తడిమాడు, కనుక్కున్నాడు, డబ్బాకు మూత పెట్టేశాడు.

పదహారో తేదీ సాయంత్రం ఇంటిముందు పిల్లలు కారుకు నీలం బుడగలు కట్టారు. ఎలీసెర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని బయటికొచ్చి, తాళంచెవి ఎదిల్మా ముందు పట్టుకున్నాడు. షెడ్డు రోజుల్లో మొంతెరియా నుంచి రంగు డబ్బాల బండి నడుపుకొచ్చింది ఆమే. పదేళ్లయింది నడిపి.

"మొదటి గేరు మొండిది," అన్నాడు. "బతిమాలాలి. తోయకూడదు."

"నీలాగే," అంది తూలియా, మనవణ్ణి కిటికీలోంచి లోపలికి తోస్తూ.

హారన్ల మధ్య, బుడగల మధ్య, నత్తలా కదిలింది ఊరేగింపు. చీకటి పడేసరికి ఎదిల్మా లైట్లు వేసింది. ముందున్న లారీ వెనక రాసిన అక్షరాలు, దాని కింద కట్టిన పాత బూటు, రోడ్డు మీది నీటిగుంట, అన్నీ స్పష్టంగా లేచి నిలబడ్డాయి. దారి పక్కన కుర్చీలు వేసుకున్న మగవాళ్లు అరిచారు: "ఎలీసెర్! ఎప్పుడు కండక్టరయ్యావు?"

"లైట్లు నావిరా," అన్నాడు ఎలీసెర్ చెయ్యి బయటపెట్టి. "స్టీరింగు ఎవరైనా తిప్పుతారు."

చర్చి మలుపులో పాదిరి గారి చెయ్యి లేచింది. నీటి చుక్కలు అద్దం మీద, లైట్ల మీద పడ్డాయి. ఎదిల్మా సిలువ గీసుకుంది. పక్కన ఎలీసెర్ ముందుకు వంగి, కళ్లు చికిలించి దేన్నో వెతుకుతున్నాడు.

"ఆ లారీకి ముందున్నది టీచరమ్మ కారేనా?"

"అదే. ఎలా తెలిసింది?"

"ఇంజను చప్పుడు. హారన్ కొట్టు."

"ఎందుకు?"

"తలుపు మళ్లీ వేస్తానని చెప్పాలి. డబ్బులొద్దు." కాసేపు ఆగాడు. "ఇప్పుడే కాదు. పటం వెనక కాగితం ఈ నెలాఖరు దాకా ఉందన్నావుగా. ఒక్కసారే రెండు కళ్లూ చెయ్యరట. ఒకటి మానాక రెండోది. అప్పుడు వేస్తానని చెప్పు."

"నేను చెప్పడమేంటి? నువ్వే చెప్పు."

"ముందు నువ్వు హారన్ కొట్టవే!"

ఎదిల్మా అరచెయ్యి మొత్తం పెట్టి నొక్కింది. అది అమ్మవారి కోసమే అనుకుని వెనక సీట్లో ఎనిమిది మంది పిల్లలూ ఒక్క గొంతుతో కేకలు పెట్టారు. ముందు వరసలో, వెన్న రంగు తలుపు కిటికీలోంచి నెరేయిదా టీచరమ్మ తల బయటికి పెట్టి, ఎవరా అని వెనక్కి చూసింది.